గోడలో నిలబడ్డ అమ్మలు

గురిందర్ చద్దా తీసిన ‘బెండ్ ఇట్ లైక్ బెక్‌హమ్’ (2002) చివర్లో ఒక దృశ్యం ఉంది. ఫైనల్ మ్యాచ్‌లో జెస్‌కి ఫ్రీ కిక్ వస్తుంది. ఎదురుగా అవతలి జట్టు అమ్మాయిలు భుజానికి భుజం ఆనించి వరసగా నిలబడతారు. ఫుట్‌బాల్ భాషలో దీన్ని గోడ అంటారు. బంతిని ఆ గోడ పక్కనుంచి వంపు తిప్పి గోల్‌లోకి పంపాలి. జెస్ తలెత్తి చూస్తుంది. ఆమె కళ్ళకి అక్కడ ఆటగత్తెలు కనపడరు. పెళ్ళి బట్టలతో అమ్మ, అక్క, చుట్టాల ఆడవాళ్ళు నిలబడి ఉంటారు. వాళ్ళ పక్కనుంచి బంతి వంపు తిరిగి వెళ్ళి గోల్ అవుతుంది.

హాల్లో ఉన్నవాళ్ళంతా నవ్వుతారు, చప్పట్లు కొడతారు. ఆడపిల్ల ఆశయానికి కుటుంబ సంప్రదాయం ఎలా అడ్డు నిలుస్తుందో ఇంత క్లుప్తంగా, ఇంత సరదాగా చూపించిన దృశ్యం మరొకటి నాకు గుర్తు రాదు. కానీ చూసిన ప్రతిసారీ నన్నొక ప్రశ్న వేధిస్తుంది. ఆ గోడలో నాన్న ఎందుకు లేడు?

కథ చాలామందికి తెలిసే ఉంటుంది. లండన్ శివార్లలోని హౌన్‌స్లోలో ఒక పంజాబీ సిక్కు కుటుంబం. చిన్న కూతురు జెస్మిందర్‌కి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. గదిలో బెక్‌హమ్ ఫొటోలు అంటించుకుని వాటితో మాట్లాడుతుంటుంది. పార్కులో ఆమె ఆట చూసిన జూల్స్ అనే ఇంగ్లీషు అమ్మాయి తన జట్టులోకి తీసుకెళ్తుంది. ఇంట్లో తెలిస్తే ఒప్పుకోరు కాబట్టి అబద్ధాలు మొదలవుతాయి. కామెడీ అంతా ఆ అబద్ధాల మీదే నడుస్తుంది. అక్క పెళ్ళి రోజు, ఫైనల్ మ్యాచ్ రోజు ఒకటే అవుతాయి. పెళ్ళిలో కూతురి దిగులు మొహం చూడలేక తండ్రి ఆమెను ఆటకు వెళ్ళనిస్తాడు. తల్లికి చెప్పకుండానే పంపిస్తాడు.

ఈ సినిమాలో నాకు నచ్చినవి తక్కువేం కాదు. చెమట పట్టి, బురద అంటి, పరిగెత్తుతున్న ఆడపిల్ల శరీరాన్ని కెమెరా ఒలుచుకు తినేలా చూడదు. ఆట ముగిశాక జట్టు పిల్లలంతా చేరి, నవ్వుకుంటూ జెస్‌కి మళ్ళీ చీర కడతారు. చీర కట్టడం రాని పిల్లలు చీర కట్టే ఆ నిమిషంలో ఎన్నో సరిహద్దులు చెరిగిపోతాయి. చిన్నప్పుడు కాలిన మచ్చని దాచుకోవాలని నిక్కరు వేసుకోవడానికి జెస్ వెనకాడటం, అది ఒకరికి చెప్పుకున్నాక తేలికపడటం కూడా ఎంతో సున్నితంగా తీశారు. ఆడపిల్లలకి శరీరం గురించి నేర్పిన సిగ్గుని ఈ సినిమా ఒక్కొక్క పొరగా తీసేస్తుంది.

మరి నవ్వు ఎవరి మీద? లెక్కపెడితే దాదాపు అంతా అమ్మల మీదే. జెస్ తల్లికి గుండ్రంగా చపాతీలు చేయడం, కూర వండటం రాని కూతురంటే బెంగ. ఆమె గొంతు, ఆమె తొందర, ఆమె చాదస్తం అన్నీ హాస్యమే. ఇటు తెల్లవాళ్ళ ఇంట్లో జూల్స్ తల్లి పౌలాదీ అదే పని. కూతురికి ఆడతనం చాలలేదని ఆమె బాధ. జెస్, జూల్స్ ఒకరినొకరు ప్రేమించుకుంటున్నారని పొరబడి నానా హంగామా చేస్తుంది. ఇద్దరి తండ్రులూ అర్థం చేసుకునేవాళ్ళే. జూల్స్ తండ్రి మొదట్నించీ కూతురి వైపే. జెస్ తండ్రి చివర్లో ఆమె వైపుకి వస్తాడు. రెండు దేశాల నుంచి, రెండు సంస్కృతుల నుంచి వచ్చిన రెండు ఇళ్ళు. అమరిక మాత్రం ఒకటే. ఆటకి తాళం వేసేది తల్లి. తాళంచెవి తండ్రి జేబులో ఉంటుంది.

అంతేకాదు, తండ్రికి ఒక గతం ఉంది. నైరోబీలో ఉండగా ఆయన మంచి క్రికెట్ ఆటగాడు. ఇంగ్లండుకి వచ్చాక ఇక్కడి క్లబ్బులు ఆయన తలపాగా చూసి నవ్వి, రానివ్వలేదు. ఆ అవమానంతో బ్యాటు పట్టడం మానేశాడు. కూతురికీ అదే జరుగుతుందని ఆయన భయం. అనుపమ్ ఖేర్ ఆ మాటలు చెప్తున్నప్పుడు మన గొంతులోనూ ఏదో అడ్డుపడుతుంది. జాత్యహంకారం చేసిన గాయం కాబట్టి ఆయన ‘వద్దు’కి గౌరవం దొరుకుతుంది. తల్లి ‘వద్దు’కి ఆ గౌరవం లేదు. ఆమె కూడా అదే వలస వచ్చింది, అదే దేశంలో అవే చూపులు భరించింది. ఆమె చిన్నప్పుడు ఏం ఆడింది, ఎప్పుడు మానేసింది, ఎవరు మానమన్నారు? కథలో ఎవరూ అడగరు. తండ్రి వద్దనడానికి చరిత్ర ఉంటే తల్లి వద్దనడం స్వభావం అయిపోయింది. నా అభ్యంతరం ఇక్కడే.

ఈ సినిమాని నేను కొన్నేళ్ళ క్రితం హైదరాబాద్ పాతబస్తీలో ఒక మహిళా డిగ్రీ కళాశాలలో మా విద్యార్థినులతో కలిసి చూశాను. మొఘల్‌పురా, యాకుత్‌పురా, శాలిబండ, లాల్‌దర్వాజా నుంచి వచ్చే పిల్లలు. ఎక్కువమంది ముస్లిం అమ్మాయిలు. సినిమా అంతసేపూ పడీపడీ నవ్వారు. జెస్ తల్లి తెరమీదికి వచ్చినప్పుడల్లా “అచ్చం మా అమ్మీ”, “మా ఫుప్పూ కూడా ఇంతే” అంటూ ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నారు. ఆఖర్న చర్చ మొదలైంది. తండ్రి ఎంత మంచివాడో అని అందరూ మెచ్చుకుంటున్నారు. వెనక బెంచీలోని ఒక అమ్మాయి లేచి, “మేడమ్, ఆయన పంపించాడు, బాగానే ఉంది. రేపు చుట్టాలు వచ్చి అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది ఎవరు? ఆమే కదా?” అంది.

క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. నేను చదివిన సిద్ధాంత గ్రంథాల్లో పితృస్వామ్యానికి స్త్రీలే కాపలాదారులవడం గురించి చాలా ఉంది. ఆ పిల్ల ఒక్క ముక్కలో దాని లోపలి లెక్క చెప్పింది. పరువు ఇంటిదే అయినా అది పోతే జమ కట్టేది తల్లి ఖాతాలో. ‘పెంపకం’ అనే మాటకి మన భాషల్లో కర్త ఎప్పుడూ తల్లే. కూతురు ఆటలో గెలిస్తే ‘ఫలానా వారి అమ్మాయి’. ఏదైనా తేడా వస్తే ‘వాళ్ళమ్మ అలా పెంచింది’. గోడలో నిలబడటం అమ్మ ఇష్టమా, ఆమెకి ఇచ్చిన డ్యూటీయా అని ఆ పిల్ల అడిగినట్టనిపించింది నాకు.

మరి పాతబస్తీకి, ఆటకి, కుటుంబానికి ముడిపెట్టిన మన తెలుగు సినిమా ఏం చేసింది? వెంటనే గుర్తొచ్చేది ‘ఒక్కడు’. గుణశేఖర్ దర్శకత్వంలో 2003 సంక్రాంతికి వచ్చింది, అంటే జెస్ కథ విడుదలైన కొద్ది నెలలకే. అజయ్ (మహేష్‌బాబు) పాతబస్తీ కుర్రాడు, కబడ్డీ ఆటగాడు. తండ్రి పోలీసు అధికారి. చదువు పాడుచేసుకుంటున్నాడని కొడుకుని తిడుతుంటాడు. కబడ్డీ పోటీ కోసం కర్నూలు వెళ్ళిన అజయ్, కొండారెడ్డి బురుజు దగ్గర ఫ్యాక్షన్ నాయకుడి చేతుల్లోంచి స్వప్నని (భూమిక) విడిపించి హైదరాబాదు తెచ్చి తన ఇంట్లోనే, తన గదిలోనే దాస్తాడు. ఇంట్లోవాళ్ళ కళ్ళు కప్పడం ఇక్కడా కామెడీయే. చెల్లెలు, స్నేహితులు అందులో భాగస్తులు.

రెండు సినిమాల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రెంటిలోనూ ఆట ఉంది, ఇంటితో ఘర్షణ ఉంది, దాపరికం ఉంది, దాపరికం పుట్టించే నవ్వు ఉంది. జెస్ దాచేది తన ఆటని. అజయ్ దాచేది ఒక అమ్మాయిని. కొడుకు ఆట గురించి తండ్రి పేచీ అంతా సమయం గురించి, చదువు గురించి, ఉద్యోగం గురించి. మైదానంలో కొడుకు కాళ్ళు కనిపించాయని, చుట్టాలు ఏమనుకుంటారని ఏ ఇంట్లోనూ గొడవ జరగదు. మగపిల్లవాడి అబద్ధం సాహసం అనిపించుకుంటుంది. ఆడపిల్ల అబద్ధం నేరమవుతుంది, చివరికి ఒప్పుకుని క్షమాపణ చెప్పుకోవాల్సి వస్తుంది.

రెండింటిలోనూ అమెరికా విమానం కూడా ఉంది! జెస్ కాలిఫోర్నియాలోని శాంటా క్లారా విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ తెచ్చుకుని విమానం ఎక్కుతుంది. స్వప్న ప్రాణం కాపాడుకోవడానికి అమెరికా వెళ్ళాలి. పాస్‌పోర్టు, వీసా అన్నీ సిద్ధం చేస్తారు. కానీ ఆ అమ్మాయి విమానం వదిలేసి స్టేడియంలో ప్రేక్షకురాలిగా తేలుతుంది. ఆమె వచ్చిందని చూశాకే హీరోకి బలం వస్తుంది. ఒక ఇంటి మగవాళ్ళ నుంచి పారిపోయి ఇంకో ఇంటి మేడగదిలో దాక్కున్న అమ్మాయికి ఆటతో మిగిలిన సంబంధం అది. ‘ఒక్కడు’ అన్న పేరులోనే ఇంకొకరికి చోటు లేదు కదా.

చార్మినార్ దగ్గర ఆ రద్దీలో తీయడం కష్టమని దాని సెట్ ఊరి బయట వేశారు. ఆ సెట్ గురించి ఎంతో గొప్పగా చెప్పుకున్నారు. నిజంగానే పనితనం గొప్పది. కానీ చార్మినార్ కట్టగలిగిన సినిమా దాని చుట్టూ తిరిగే అమ్మాయిలలో ఒక్కదాన్నయినా కబడ్డీ బరిలో ఊహించలేకపోయింది. ఈ కథ ‘గిల్లి’గా 2004లో తమిళంలోకి, ‘తేవర్’గా 2015లో హిందీలోకి వెళ్ళింది. ‘గిల్లి’ని 2024లో మళ్ళీ విడుదల చేస్తే హాళ్ళు నిండాయి. ఈ మధ్యకాలంలో నిజం కబడ్డీ బరిలో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. ఆసియా క్రీడల్లో మహిళల కబడ్డీ 2010లో చేరింది. మన మహిళల జట్టు 2010, 2014లలో స్వర్ణం గెలిచింది. 2018 ఫైనల్లో ఇరాన్ చేతిలో ఓడింది. 2023లో హాంగ్‌జౌలో మళ్ళీ స్వర్ణం తెచ్చింది. 2018లో మనల్ని ఓడించిన ఇరాన్ అమ్మాయిలు తలకి గుడ్డ కట్టుకుని, ఒళ్ళంతా కప్పుకుని ఆడారు. ఆటకి బట్టలు అడ్డమా, బట్టల పేరుతో మనుషులు అడ్డమా అన్నది తేల్చుకోవడానికి ఆ ఒక్క మ్యాచ్ చాలు.

ఆడపిల్ల ఆటగత్తె అయిన తెలుగు సినిమాలు లేవని కాదు. 1991లో ఉషాకిరణ్ మూవీస్ ‘అశ్విని’ తీసింది. పరుగుల రాణి అశ్విని నాచప్పే అందులో నాయిక. హీరోయిన్‌కి పరుగు నేర్పకుండా, పరిగెత్తే అమ్మాయికే నటన నేర్పిన అరుదైన సందర్భం అది. ఆ దారి అక్కడే ఆగిపోయింది. 2019లో తమిళ ‘కణా’ ఆధారంగా ‘కౌసల్య కృష్ణమూర్తి’ వచ్చింది. భారత జట్టు ఓడినప్పుడు రైతు అయిన తండ్రి ఏడవడం చూసి, ఆయన్ని నవ్వించాలని కౌసల్య క్రికెటర్ కావాలనుకుంటుంది. మొదట అడ్డుపడేది తల్లి. హిందీ ‘దంగల్’లో (2016) కూతుళ్ళని కుస్తీకి దించేది తండ్రి, తన తీరని కోరిక కోసం. తల్లి వంటింట్లోంచి చూస్తూ ఉంటుంది. ఆడపిల్లల ఆట మన సినిమాల్లో తండ్రి కన్న కల అవుతుంది. ఆమె సొంత కోరికగా మాత్రం ఎందుకో సరిపోదు. తండ్రి కన్నీళ్ళో, తండ్రి పతకమో వెనకాల ఉంటేనే మైదానంలోకి దిగడానికి ఆమెకి అర్హత వస్తుంది. తల్లి తీరని కోరిక కోసం ఆడిన కూతురి కథ ఇన్ని సినిమాల్లో ఎక్కడుంది?

సినిమాలు వదిలి మన ఊరి మనుషుల్ని చూద్దాం. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా 2005లో ఇక్కడే హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన మొదటి భారతీయ మహిళ అయింది. అదే ఏడాది ఆమె పొట్టి బట్టల మీద కొందరు మతపెద్దలు అభ్యంతరం చెప్పారు. అప్పుడు ‘చూశారా వాళ్ళ మతం’ అన్న ఆధునికులు చాలామంది ఉన్నారు. 2015లో ఆమె డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆ మరుసటి ఏడాది ఒక టీవీ ఇంటర్వ్యూలో ‘ఎప్పుడు స్థిరపడతారు, పిల్లల్ని ఎప్పుడు కంటారు’ అనే అర్థంలో ప్రశ్న వచ్చింది. ప్రపంచంలో మొదటి స్థానంలో ఉండటం స్థిరపడటం కాదా అన్నట్టు ఆమె నిలదీస్తే అడిగినాయన క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. మతపెద్దలదీ, ఇంగ్లీషు స్టూడియోదీ వేర్వేరు భాష. ఇద్దరూ కట్టిన గోడ మాత్రం ఒకటే.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ విజేత. ఆమె తండ్రి ప్రోత్సాహం గురించి పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి, రాయాల్సిందే. తల్లి గురించి మాత్రం ఒకే ఒక కథ పదేపదే వచ్చింది. మొదట్లో కూతురు వాచిన మొహంతో ఇంటికొస్తే, ఇక పెళ్ళెవరు చేసుకుంటారని ఆమె ఏడ్చిందట. నిఖత్ నవ్వుతూ చెప్పిన కథే అది. చదివిన మనమూ నవ్వుకున్నాం. కానీ ఆ భయం తల్లి పుట్టించిందా? ఆడపిల్ల మొహానికి వెల కట్టే బజారు బయట ఉంది. ఆ ధర తెలిసినందుకు ఆమె ఏడ్చింది.

మా క్లాసు సంగతి ఇంకా మిగిలింది. చర్చ అయ్యాక చాలా రోజులకి, వెనక బెంచీ అమ్మాయి నా గదికి వచ్చింది. తను కాలేజీ కబడ్డీ జట్టులో ఉందని అప్పుడు తెలిసింది. ఇంట్లో నాన్నకి, పెదనాన్నలకి తెలియదు. వాళ్ళ లెక్కలో ఆ వేళకి ఆమె కంప్యూటర్ క్లాసులో ఉంటుంది. “అబద్ధం చెప్పడం కష్టంగా లేదా?” అనడిగాను. “నేను చెప్పను మేడమ్, అమ్మీ చెప్తుంది” అంది. మోచేతులు చీరుకుపోతే పసుపు రాసి, మెట్ల మీద జారిందని ఇంట్లో చెప్పేది అమ్మ. ఆట బట్టలు అందరూ పడుకున్నాక ఉతికి, మిద్దె మీద దుప్పటి చాటున ఆరేసేది అమ్మ. ఆరో తరగతితో చదువు ఆపించిన ఆమె, బళ్ళో పరుగు పందెంలో గెలుచుకున్న స్టీలు గ్లాసుని ఇప్పటికీ ఎవర్నీ వాడనివ్వదట.

ఒకసారి దగ్గరి బంధువెవరో మైదానంలో ఈ పిల్లని చూసి ఇంట్లో చెప్పారు. ఆ అమ్మాయికి ఆట రెండు వారాలు ఆగింది. తల్లికి పుట్టింటికి వెళ్ళడం ఆరు నెలలు ఆగింది.

ఇది ముస్లిం ఇళ్ళ సంగతి అని పక్కన పెట్టేయడానికి లేదు. లాల్‌దర్వాజా నుంచి వచ్చే హిందూ అమ్మాయి ఒకామె, వాళ్ళమ్మ చీటీ డబ్బుల్లోంచి తనకి స్పోర్ట్స్ బూట్లు కొనిచ్చి, ‘కాలేజీలో ఇచ్చారు’ అని చెప్పమందని అదే రోజుల్లో చెప్పింది. నేను చూసిన సినిమాల్లో అబద్ధం ఆడేది కూతురు, అనుమతి ఇచ్చేది తండ్రి. నేను చూసిన ఇళ్ళల్లో అబద్ధం ఆడేది తల్లి, అనుమతి ఇచ్చేదీ ఆమే. కాకపోతే దానికి అనుమతి అనే పేరు లేదు. తండ్రి ‘వెళ్ళు’ అన్న ఒక్క మాట ఒక దృశ్యం అవుతుంది, దానికి నేపథ్య సంగీతం ఉంటుంది. తల్లి రోజూ కొంచెం కొంచెంగా, భయపడుతూ, పట్టుబడితే శిక్ష భరిస్తూ ఇచ్చే అనుమతి దృశ్యంగా మారదు. దుప్పటి చాటున ఆరేసిన బట్టల్లా అది కనపడకుండా ఉంటేనే పని జరుగుతుంది. జెస్ కథ ఆ అమ్మాయికి అంతగా నచ్చినా, ఆ గోడ దగ్గర మాత్రం ఆమె నవ్వకపోవడానికి కారణం అదే అనుకుంటాను.

అమ్మలందరూ కూతుళ్ళకి రహస్య మిత్రులని నేను అనడం లేదు. నిజంగానే గోడలై నిలబడ్డ తల్లుల్ని మనమంతా ఎరుగుదుం, కొందరం వాళ్ళ కడుపునే పుట్టాం. కానీ గోడకీ ఒక కథ ఉంటుంది. తొక్కుడుబిళ్ళ, అచ్చనగండ్లు, ఒప్పులకుప్ప ఆడని ఆడపిల్ల మన ఊళ్ళల్లో లేదు. పెద్దమనిషి అయిన రోజుతో వాకిట్లో గీసిన గళ్ళు చెరిగిపోతాయి. ఆ రోజు ఆట ఆపేసిన పిల్లే పాతికేళ్ళ తర్వాత ‘ఇంక చాల్లే, లోపలికి రా’ అని పిలిచే తల్లి. జెస్ తండ్రి బ్యాటు వదిలేసిన రోజుకి విలువిచ్చిన సినిమా, తల్లి బిళ్ళ పారేసిన రోజుని కూడా అడిగి ఉంటే ఆ గోడ దృశ్యం ఇంకోలా వచ్చేది.

దగ్గరగా వచ్చిన సినిమా ఒకటుంది. ‘సాండ్ కీ ఆంఖ్’ (2019). ఉత్తరప్రదేశ్‌లోని జోహ్రీ గ్రామంలో చంద్రో తోమర్, ప్రకాశీ తోమర్ అనే తోడికోడళ్ళు అరవై దాటాక తుపాకీ గురి నేర్చుకుని పతకాలు గెలిచిన నిజ కథ. మనవరాలికి తోడుగా షూటింగ్ రేంజికి వెళ్ళిన చంద్రో అక్కడ తనే తుపాకీ పట్టుకుంది. కాపలాకి వెళ్ళిన మనిషి ఆటగత్తె అయింది. ఇంటి మగవాళ్ళకి చెప్పకుండా ఇద్దరూ పోటీలకు తిరిగారు. ఆ దాపరికంలోంచి పుట్టిన నవ్వు ఆ ముసలమ్మల మీద కాదు, వాళ్ళతో కలిసి నవ్వే నవ్వు. అయినా ఆ పాత్రలకి పెద్ద వయసు నటీమణులు దొరకనట్టు తాప్సీ, భూమి పెడ్నేకర్‌లకి తెల్ల జుట్టు పెట్టి, ముడతలు గీసి నటింపజేశారు. చంద్రో 2021లో కరోనాతో కన్నుమూసింది. ఆడిన అమ్మమ్మ కథ తెరకెక్కింది గానీ, ఆమె వయసున్న మొహానికి తెర మీద ఇంకా చోటు రాలేదు.

ఇంకో చిన్న దృశ్యం. ‘బెండ్ ఇట్ లైక్ బెక్‌హమ్’లోనే జూల్స్ తల్లి, కూతురికి దగ్గరవ్వాలని ఆఫ్‌సైడ్ నియమం నేర్చుకుంటుంది. ఆమె భర్త భోజనాల బల్ల మీది సాసు సీసాలు అటూ ఇటూ జరిపి చూపిస్తుంటే శ్రద్ధగా వింటుంది. కామెడీ కోసం పెట్టిందే. కానీ సినిమా మొత్తంలో ఒక తల్లి ఆటలోకి తొంగిచూసిన క్షణం అదొక్కటే. ఆ తలుపు ఇంకాస్త తెరిచి చూసే దర్శకురాలి కోసం, కథకురాలి కోసం ఎదురుచూడాలి. పాతబస్తీలో అలాంటి కథకి సెట్ వేయనక్కర్లేదు. ఒక మిద్దె, దాని మీద ఒక దుప్పటి, ఒక స్టీలు గ్లాసు ఉంటే చాలు.